ఇంటిపట్టున సంపాదన: ఆ ఇంటి ఖర్చు ఎవరిది?

(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



“ఇంటిపట్టున ఉండి బాగుగా సంపాదించుకొనుట ఎట్లు?” అను విషయముపై మాట్లాడవలసినదిగా నన్ను కోరినారు. ఇది నేడు మథురాకాటి మొదలు నిమ్‌పురా వరకు ప్రతి కాలనీలోను వినబడుచున్న ప్రశ్న. చదువు ముగించి ఉద్యోగము దొరకని బిడ్డలు అడుగుచున్నారు. భర్త జీతము నెలాఖరు వరకు చాలని ఇల్లాండ్రు అడుగుచున్నారు. పదవీ విరమణ చేసి, ఒంట్లో ఇంకను ఓపిక ఉన్న పెద్దలు అడుగుచున్నారు. కుట్టుపని, అప్పడముల పని, పచ్చళ్లు, ట్యూషన్లు, కంప్యూటరు పని అని దారులు చెప్పువారు చాలమంది కలరు. నేను ఆ జాబితాకు మరొకటి చేర్చుటకు రాలేదు. పని ఏదియైనను, అది జరుగు ఇంటి ఖర్చును ఎవరు భరించుచున్నారు అని అడుగుటకు వచ్చితిని. ఇంటివద్ద పని బాగుగా గిట్టుబాటు కావలెనన్నను, కడుపు కాల్చవలెనన్నను, తేల్చునది ఈ ప్రశ్నయే.

మన తాతముత్తాతలు నేటి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము జిల్లాల పల్లెలనుండి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికై ఈ ఊరికి వచ్చినారు. ఇక్కడి వర్క్‌షాపులో అడుగు పెట్టిన కార్మికుడు తన రెండు చేతులను మాత్రమే తెచ్చుకొన్నాడు. పైకప్పు కంపెనీది. లేతు కంపెనీది. దీపము, నూనె, బొగ్గు, సుత్తి, స్పానరు కంపెనీవి. సైరను మోగినప్పుడు పని మొదలు, మరల మోగినప్పుడు పని ముగింపు. ఆ ఏర్పాటులో అన్యాయములెన్నియో ఉండినవి, 1927లో వి.వి.గిరి గారి నాయకత్వమున ఇచ్చటి కార్మికులు సమ్మెకు దిగినది అందుకే. అయినను ఒక్క సంగతి స్పష్టము. పనిస్థలము యజమానిది గనుక దాని ఖర్చు యజమానిది. పనిగంట కొలవబడినది గనుక దానికై బేరమాడుట సాధ్యమైనది.

పని ఇంటికి వచ్చినప్పుడు ఈ రెండును తలక్రిందులగును. పైకప్పు మనది, కరెంటు మనది, మిషను మనది, గంటలకు లెక్క లేదు. యజమాని పుస్తకములో తగ్గిన ఖర్చు మాయమైపోదు. అది మన ఇంటి పద్దులో చేరును.

ఒక చిన్న లెక్క చూతము. ఈ అంకెలు లెక్క చూపుటకే గాని ఏ ఒక్క దుకాణమునకు సంబంధించినవి కావు. ఒక సోదరి బజారులోని దుకాణమునుండి జాకెట్టు గుడ్డలు తెచ్చి ఇంట కుట్టుచున్నదనుకొందము. ఒక్కొక్క జాకెట్టుకు 60 రూపాయలు. రోజుకు నాలుగు కుట్టిన 240. దారము, హుక్కులు, సూది, కరెంటు, దుకాణమునకు పోయి వచ్చుటకు ఆటో చార్జీ కలిపి 40 తీసివేసిన మిగులునది 200. వంట, నీళ్లు, పిల్లల మధ్య మధ్య ఆమె కూర్చున్న సమయము ఎనిమిది గంటలు. గంటకు 25 రూపాయలు. ఇందులో మిషను అరుగుదల చేర్చలేదు. రెండు గదుల క్వార్టరులో ఆ మిషను ఆక్రమించిన జాగాకు అద్దె చేర్చలేదు. కొలత సరిపోలేదని దుకాణదారుడు త్రిప్పిపంపినప్పుడు ఉచితముగా విప్పి కుట్టిన గంటలు చేర్చలేదు. బడినుండి వచ్చిన కూతురు హుక్కులు కుట్టి పెట్టిన గంట కూడ చేర్చలేదు. “రోజుకు రెండువందల నలుబది సంపాదించుచున్నాను” అని ఆమె సంతోషముగా చెప్పును. ఆ సంతోషమును నేను తప్పుపట్టను. ఆ డబ్బు ఆమె చేతికి వచ్చుచున్నది, తన పేరున ఖర్చు పెట్టుకొనుచున్నది. అది చిన్న విషయము కాదు. కాని పూర్తి లెక్క ఆమె చేతిలో లేనంతవరకు రేటు నిర్ణయించువాడు దుకాణదారుడే.

ఈ సంగతి మన తెలుగు నేలకు క్రొత్త కాదు. పశ్చిమ గోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దిలో నేర్పిన లేసు అల్లిక పెద్ద ఎగుమతి వ్యాపారమైనది. వేలాది స్త్రీలు ఇంటి అరుగులపై కూర్చుండి అల్లినారు. ఏజెంటు దారమిచ్చును, అల్లిన పువ్వులను పట్టుకొనిపోవును, ముక్కలను జోడించు అతుకుపనిని మరొకరికిచ్చును. తాను అల్లిన ముక్క ఏ బల్లగుడ్డలో భాగమైనదో, ఏ దేశమునకు పోయినదో అల్లిన చేతికి తెలియదు. మరియా మీస్ అను జర్మన్ పరిశోధకురాలు ఈ స్త్రీల మధ్య పనిచేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె ఎత్తిచూపిన విషయము మనకు నేటికిని పనికివచ్చును. దినములో సగము లేసు అల్లుచున్నను ఆ స్త్రీలు కార్మికులుగా లెక్కకు రాలేదు. వారు “గృహిణులు”, తీరిక వేళ ఏదో అల్లుకొనుచున్నారు. తీరిక వేళ పనికి పూర్తి కూలి ఎందుకన్నదే వ్యాపారి వాదము. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ అల్లికకు పేరు రక్షణ వచ్చినది. అల్లిన చేతికి కూలి రక్షణ వేరుగా సాధించుకొనవలసినదే.

సాధించుకొనుట అసాధ్యము కాదని బీడీ కార్మికులు చూపినారు. నిజామాబాదు, కరీంనగరము పల్లెలలోను, ఈ రాష్ట్రమున ముర్షిదాబాదులోను బీడీలు చుట్టునది ఇండ్లలోనే. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించినది. యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1974లో కోర్టు ఆ చట్టమును నిలబెట్టినది. తరువాత ప్రావిడెంటు ఫండు తగవు వచ్చినది. “వారు మా ఉద్యోగులు కారు, వారి ఇండ్లలో మేము పర్యవేక్షణ చేయుటలేదు” అన్నది యజమానుల వాదన. 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు నాకు మిక్కిలి ఇష్టము. చుట్టిన బీడీలను పరీక్షించి, నచ్చనివి తిరస్కరించు హక్కు యజమానికున్నది గదా, ఆ హక్కే పర్యవేక్షణ అన్నారు న్యాయమూర్తులు. బీడీలను ఏరి పారవేయు చేయియే అతనిని యజమానిగా పట్టియిచ్చినది! ఇప్పుడు ఆ జాకెట్టును త్రిప్పిపంపిన దుకాణదారుని జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

2017లో బీడీ సెస్సు రద్దయినది. 1966 చట్టము 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక కోడులలో కలిసిపోయినది. వెనుకటి రక్షణలలో ఏవి మిగిలినవో, ఏవి జారిపోవుచున్నవో కనిపెట్టుచుండవలసిన పని సంఘములది.

ఇక తపాలా సోదరుల వైపు చూతము. “ఇంటినుండి పని” అను మాట 2020లో కరోనా నాడు పుట్టినదని పట్టణవాసులు తలంచుచున్నారు. తపాలా శాఖ ఈ పద్ధతిని ఎన్నో దశాబ్దములుగా నడుపుచున్నది! పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసు సాధారణముగా ఎక్కడ ఉండును? పోస్టుమాస్టరు ఇంటి ముందుగదిలో. గది ఆయనది, బల్ల ఆయనది. పైపెచ్చు, ఈ ఉద్యోగముపై ఆధారపడక వేరొక జీవనాధారము కలవాడై ఉండవలెనన్న షరతు. నాడు వారిని ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లన్నారు, నేడు గ్రామీణ డాక్ సేవకులందురు. వారు ప్రభుత్వ సివిల్ పదవి కలవారని 1977లో రాజమ్మ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను శాఖాపరమైన ఉద్యోగులకున్న జీతము, పింఛను వారికి రాలేదు. కమలేశ్ చంద్ర కమిటీ నివేదికపై 2018 జులై 1 నుండి బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి 12,000, ఐదు గంటల పనికి 14,500 రూపాయల మూల భత్యము, దానిపై కరువు భత్యము ఏర్పరచినారు. గది, విద్యుత్తు, ఫోను ఖర్చులకు ఒక ప్రత్యేక భత్యము కూడ ఇచ్చినారు. అది నెలకు వందల రూపాయలలోనే. అదే సంవత్సరము సెప్టెంబరులో పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు వచ్చినది. అదే ముందుగదిలో, అదే బల్లపై, ఇప్పుడు బ్యాంకు పని కూడ. నాలుగైదు గంటలైన పిదప వచ్చిన పింఛనుదారుని తలుపు వేసి పంపివేయగలరా? ఊరివాడు గదా, పెద్దమ్మ గదా! ఆఫీసు ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసుకు మూయు వేళ ఉండదు.

మన రైల్వేవారి కథ దీనికి సరిగా విలోమము. గ్రామీణ పోస్టుమాస్టరు తన ఇంటిలో సర్కారు పని చేయును. రైల్వే భార్య సర్కారు ఇంటిలో తన పని చేయును. క్వార్టరు నివాసమునకే గాని వ్యాపారమునకు గాదు, అద్దెకిచ్చుటకు గాదు అని నిబంధన. కుట్టుమిషను పెట్టుకొన్నంత మాత్రమున ఎవరును పట్టుకొనరు. కాని బోర్డు కట్టి, ఇద్దరిని కూర్చుండబెట్టి పని పెంచవలెనన్న, ఎవరో ఒకరు ఫిర్యాదు వ్రాయుదురు. పని పెరుగవలసిన చోట నిబంధన గోడగా నిలుచును.

క్వార్టరు ఎవరిదో 1974 మే నెలలో దేశమంతటా రైల్వే కుటుంబములకు తెలిసివచ్చినది. మే 8 నుండి 27 వరకు జరిగిన ఆ సమ్మెలో పోలీసులను పంపి భార్యాబిడ్డలను క్వార్టర్లనుండి వెళ్లగొట్టిన ఊర్లు కలవు. ఈ సభలోని పెద్దలకు ఆ దినములు నేను వర్ణింపనక్కరలేదు. సమ్మె లేని కాలమున కూడ ఒకనాడు ఆ తాళము తిరిగి ఇవ్వవలసినదే. పదవీ విరమణ తరువాత నాలుగు నెలలు మామూలు అద్దెపై, మరి నాలుగు నెలలు రెట్టింపు అద్దెపై ఉండనిచ్చెదరు. ఆ పిదప ఇందాకో, మలంచాకో, లేక స్వంత జిల్లాకో పోవలెను. పిల్లలు బడికి పోవునంతటి వారైన తరువాత, నలుబదియవ ఏట కుట్టుపని మొదలిడిన ఇల్లాలు ఇరువది ఏండ్లలో ఆ వీధిలో పేరు తెచ్చుకొనును. పండుగ వచ్చిన క్యూ కట్టెదరు. సరిగా ఆ సమయమునకు క్వార్టరు పోవును. వాడుక ఖాతాదారులందరును ఆ వీధిలోనే మిగిలిపోదురు. భర్తకు పదవీ విరమణ అయిన దినముననే భార్యకు కూడ పదవీ విరమణ. ఆయనకు పింఛను కలదు, ఆమెకు లేదు.

అటులైన ఇంటివద్ద పని చేయవద్దని చెప్పుచున్నానా? లేదు. బాగుగా జీవింపజేసిన ఉదాహరణ ఒకటి చెప్పెదను. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాములో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడపై అప్పడములు ఒత్తుట మొదలిడినారు. మొదటి దినమున తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదియే లిజ్జత్ పాపడ్. నేడు అందులో నలుబది వేలకు పైగా సోదరీ సభ్యులు కలరు. స్థాపకులలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించినది. పేరు అందరికిని తెలిసినదే. పని నడచు తీరును గమనింపవలెను. పిండి ఇంట్లో కలుపరు. శాఖా కేంద్రములో ఒకే పాళ్లలో కలుపుదురు. సభ్యురాలు ప్రొద్దుటనే వచ్చి తూకము వేయించుకొని పిండిని తీసికొనిపోవును, ఇంట ఒత్తి ఆరబెట్టును, మరునాడు తెచ్చి అప్పగించి కూలి తీసికొనును. ఇంటిలో శుభ్రమైన తావు కలదా లేదా అని ముందే చూచెదరు. ముడిసరుకు కొనుట, ప్యాకింగు, అమ్మకము, బాకీ వసూలు, ఇవేవియు ఆమె నెత్తిన లేవు. లాభములో వాటా కలదు, నష్టము వచ్చిన అందులోను వాటా కలదు. మగవారిని జీతమునకు పెట్టుకొందురు గాని సభ్యత్వమియ్యరు. (మగ సోదరులు నవ్వుచున్నారు, నవ్వనిండు.)

ఇక్కడ ఇల్లు పనిస్థలమే. అయినను తూకము ఆమె కండ్ల ఎదుట జరుగును, రేటు అందరికి ఒక్కటే, తిరస్కరించువాడు వేరెవడో యజమాని కాడు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో కూడ చూడుడు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, ఇంటిలో రాట్నముపై సన్ననూలు వడకిన స్త్రీల పనిని ఖాదీ సంఘము సేకరించి నేతకిచ్చి అమ్మినందుననే ఆ నూలుకు దేశమంతట పేరు వచ్చినది. ఒంటరిగా సంతకు మోసికొనిపోయిన చిలపకు బేరమెక్కడిది?

ఖరగ్‌పూర్‌లో అప్పడముల పనిని అటులే దించవలెనని నేననుట లేదు. ఆషాఢ శ్రావణములలో ఇక్కడ ఎండ దొరకదు. వరండాలలో ఆరవేసిన అప్పడములు బూజు పట్టును. కాని కుట్టుపనికి, మన ఆవకాయ, వడియములకు ఆ పద్ధతి వర్తించును. ఇక్కడివారు స్వనిర్భర గోష్ఠి అందురు, మన దిక్కున డ్వాక్రా సంఘమందురు. పదిమంది కలిసిన ముడిసరుకు టోకు ధరకు వచ్చును. దుకాణదారుడు ఒకామెకు 60 ఇచ్చి ఇంకొకామెకు 55 ఇయ్యజాలడు. తినుబండారములు అమ్మువారు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసికొనవలెను. చిన్న వ్యాపారమునకు రుసుము స్వల్పమే. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ జాబితాలో గృహాధారిత కార్మికురాలిగా పేరు వ్రాయించుకొనుడు. “గృహిణి” అని వ్రాయించుకొనకుడు.

కంప్యూటరు పని విషయము క్లుప్తముగా చెప్పెదను. మన బిడ్డలు కొందరు ఇక్కడి గదిలో కూర్చుండి బెంగుళూరు కంపెనీలకు పనిచేయుచున్నారు. వారి జీతము మంచిదే. వారి గది అద్దె, కరెంటు, ఇంటర్నెట్టు మాత్రము తండ్రి క్వార్టరు మీద పడుచున్నవి. పోర్చుగల్ దేశము 2021లో చేసిన చట్టము ప్రకారము, ఇంటినుండి పనిచేయుటవలన పెరిగిన కరెంటు, ఇంటర్నెట్టు ఖర్చు యజమానిదే. పని వేళ దాటిన పిమ్మట ఉద్యోగిని పిలువరాదు. అది కాగల పనియే. ఇక “ఇంటినుండి రోజుకు ఐదు వేలు” అని ఫోనులో వచ్చు సందేశములు వేరు జాతి. మొదట చిన్న పనికి నూరో రెండువందలో ఇచ్చి నమ్మింతురు, పిమ్మట డిపాజిట్టు కట్టుమందురు. పని ఇచ్చువాడు కూలి ఇచ్చును గాని పనివానినుండి డబ్బు అడుగడు. విరమణ డబ్బు చేతికి వచ్చిన పెద్దలు దీనిని గట్టిగా పట్టుకొనవలెను. మోసపోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడు. ఆలస్యమైన కొలది డబ్బు చేతులు మారును.

ఉద్యోగులకు ఒక హెచ్చరిక. రైల్వే ఉద్యోగులకు 1966 ప్రవర్తన నియమావళి, తపాలావారికి 1964 నియమావళి, రెండింటిలోను 15వ నియమము స్వంత వ్యాపారము గూర్చినది. అనుమతి లేక ఉద్యోగి వ్యాపారము చేయరాదు; భార్య వ్యాపారమునకై తాను గిరాకి పట్టరాదు. ఇంటిలో ఒకరు వ్యాపారము మొదలిడినను, బీమా ఏజెన్సీ తీసికొన్నను శాఖకు తెలుపవలెను. తెలిపిన తప్పులేదు, దాచిన తప్పగును. 1972లో మొదలైన మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన ఏజెన్సీ, అనగా ఇంటింట పోస్టాఫీసు రికరింగు డిపాజిట్లు సేకరించు పని, 4 శాతము కమీషనుపై మన కాలనీ స్త్రీలకు అనువైనదే. అదియు తెలుపవలసిన వానిలోనిదే. తపాలా ఉద్యోగుల బంధువులు దరఖాస్తుకు ముందు నిబంధనలు విచారించుకొనవలెను.

మరి సంఘము చేయవలసినదేమి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించినది. ఇంటివద్ద పనివారికి ఇతర కార్మికులతో సమాన వర్తన ఉండవలెనన్నదే దాని సారము. 1972లో ఇలా భట్ గారు అహమ్మదాబాదులో స్థాపించిన సేవా సంఘము దానికై చాల పాటుపడినది. మన దేశము దానిని ఇంకను ధ్రువపరచలేదు. ఫెడరేషన్ మహాసభలలో ఈ కోరిక మరల మరల వినబడవలెను.

ఊరిలో చేయగల పని ఇంతకంటె దగ్గరగా ఉన్నది. రైల్వే స్టాఫ్ బెనిఫిట్ ఫండు కమిటీలలో మన ప్రతినిధులు కూర్చుందురు. ఆ నిధి హస్తకళా కేంద్రముల ద్వారా మన స్త్రీలకు కుట్టుపని నేర్పును, సర్టిఫికెట్టు ఇచ్చి ఇంటికి పంపును. నేర్పుట చాలదు, అదే కేంద్రము టోకున పని తెచ్చి, కత్తిరించి, పంచి, తూచి, కూలి చెల్లించు స్థలము కావలెను. రైల్వే ఇన్‌స్టిట్యూటులో సరుకు దాచుకొనుటకు తాళమున్న గది ఒకటి అడుగవలెను. క్వార్టరు మారినను, పోయినను, ఆమె పని చిరునామా మారకుండవలెను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించ నిర్ణయించినది. కావున సహకార సంఘపు దరఖాస్తులు, నిబంధనలు తెలుగులో ఇమ్మని ధైర్యముగా అడుగవచ్చును. తపాలా సోదరుల కోరికల పట్టికలో, ముందుగది అద్దె ప్రత్యేక అంశముగా, భత్యములో కలిసిపోకుండ నిలువవలెను.

వీటన్నిటికి ముందు మన చేతిలో లెక్క ఉండవలెను. ఇంటివద్ద పనిచేయుచున్న ప్రతి సోదరి నలుబది పేజీల నోటుపుస్తకము ఒకటి కొని, నెల దినములు వ్రాయవలెను: ఏ గంటకు కూర్చున్నది, ఏ గంటకు లేచినది, ఎన్ని ముక్కలు, ఎన్ని త్రిప్పివచ్చినవి, దారమునకెంత, కరెంటు బిల్లు ఎంత పెరిగినది, పిల్లలు ఎంతసేపు చేయి వేసినారు. వ్రాయుట రానివారికి బడి పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. వచ్చే నెల జీతముల తరువాతి ఆదివారము సాయంత్రము ఆ పుస్తకములతో ఇక్కడికే రండు. మొదట కుట్టుపనివారివి చూచెదము, పచ్చళ్లవారివి ఆ తరువాత.